మా ఊరికి ఒక లాల్‌బాగ్ బాకీ

ఆయుధపూజ సెలవులు అయిపోయి కాలేజీకి వచ్చిన రోజు, "సెలవుల్లో యాడికి పోయొస్తివి?" అని మన క్లాసులో అందరూ అడిగారు. బెంగుళూరు లాల్‌బాగ్‌కు పోయొచ్చినాము అన్నాను. "అక్కడ ఏం చేస్తిరి?" అన్నారు. "ఏమీ చెయ్యలేదు, ఊరికే కూర్చున్నాము" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. ఒకరైతే "అంత దూరం పోయి కూర్చొని వచ్చినావా? కూర్చోడానికి మీ ఊళ్ళో జాగా లేదా?" అని అడిగారు.

నవ్వులాటకు అడిగిన ప్రశ్నే కానీ, ఆ రోజు సాయంత్రం రైల్లో ఇంటికి పోతూ ఆలోచిస్తే దానికి జవాబు దొరకలేదు. నిజంగానే, కూర్చోడానికి మా ఊళ్ళో నాకు జాగా ఉందా? ఈ నెల గోడపత్రికకు ఏదైనా రాయమని మేడమ్ గారు అడిగినప్పుడు ఇదే రాద్దామనిపించింది. నేను ఇంట్లో తెలుగు మాట్లాడతానే కానీ, రాయడం ఈ డిపార్ట్‌మెంటుకు వచ్చాకే నేర్చుకున్నాను. తప్పులుంటే మేడమ్ గారు ఎప్పటి మాదిరే ఎర్ర ఇంకుతో దిద్దుతారు. విషయం మాత్రం దిద్దకుండా చదవమని మనవి.

ముందు ఆ ఆదివారం సంగతి చెప్తాను.

మా అవ్వకు మోకాళ్ళ నొప్పి. మా పెద్దమ్మ కూతురు బెంగుళూరులో పని చేస్తోంది కాబట్టి, అక్కడ డాక్టరుకు చూపిద్దామని అవ్వను తీసుకొని నేనూ అమ్మా మైసూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. కోవిల్‌పట్టిలో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి బెంగుళూరు. శనివారమే డాక్టరు చూసి మందులు రాసిచ్చాడు. తిరుగు రైలు ఆదివారం రాత్రికి. మధ్యలో ఒక పగలంతా ఏ పనీ లేకుండా మిగిలిపోయింది. "పదండి, లాల్‌బాగ్‌కు పోదాము" అంది అక్క.

గేటు దాటగానే అవ్వ చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది.

"గుడి యాడుండాదమ్మే?" అంది.

"గుడి కాదవ్వా, తోట."

"తోటా? ఎవురిది?"

"ఎవరిదీ కాదు, అందరిదీ."

"అట్లయితే మనము దేనికి వచ్చినాము?"

"ఊరికే" అంది అక్క.

అవ్వ నా మొహం చూసింది, అక్క మొహం చూసింది, మళ్ళీ చెప్పులు వేసుకుంది.

లాల్‌బాగ్ గురించి రెండు ముక్కలు చెప్తాను, చూడని వాళ్ళ కోసం. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. ఆయన కొడుకు టిప్పు సుల్తాన్ దేశదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు. 1856లో సర్కారు వృక్షశాస్త్ర తోట అయింది. 1889లో పునాది వేసిన గాజు ఇల్లు ఒకటుంది లోపల. జనవరిలో, ఆగస్టులో పూల ప్రదర్శన జరిగేది దాంట్లోనే. మొదట నలభై ఎకరాలుండే తోట పెరిగి పెరిగి ఇప్పుడు 240 ఎకరాలు. ఒక పెద్ద చెరువుంది. ఏనుగు కాళ్ళలాంటి వేళ్ళతో ఒక బూరుగ చెట్టుంది. అన్నిటికంటే పాతది అక్కడి బండ. దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అవ్వకు ఆ సంగతి చెప్తే, బండను అరిచేత్తో నిమిరి, "మన కళుగుమలై రాయి మాదిరే ఉండాది" అంది. అంతకంటే ఆశ్చర్యపోలేదు.

అవ్వను ఆశ్చర్యపరిచింది చెట్లూ కాదు, బండా కాదు, బెంచీ. చెరువు పక్కన నీడలో ఒక బెంచీ మీద కూర్చోబెట్టాము. మొదట ఆస్పత్రిలో పిలుపు కోసం కాచుకున్నట్టు బెంచీ కొసన కూర్చుంది, సంచి ఒళ్ళో పెట్టుకొని. అరగంటకు వెనక్కి ఆనుకుంది. ఇంకో అరగంటకు సంచి పక్కన పెట్టి, కాళ్ళు పైకి తీసుకొని, మా ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది. పదమూడో ఏట అగ్గిపెట్టెల పనికి పోయిన మనిషి మా అవ్వ. పెళ్ళయ్యాక పత్తి చేలో, మిరప చేలో కూలికి పోయింది. ఆమె ఖాళీ చేతులతో కూర్చోవడం నేను అంతవరకూ చూడలేదు. ఇంట్లో టీవీ చూసేటప్పుడు కూడా ఆమె ఒళ్ళో ఒక చేట ఉంటుంది.

పక్క బెంచీలో హిందూపురం నుంచి కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దామె ఉండింది. మా మాటలు విని, "మీది యా ఊరు తెలుగు?" అని అడిగింది. మదురైకి అవతల అని చెప్తే, "అక్కడ తెలుగోళ్ళుండారా?" అని నోరు తెరిచింది. "మా ఊళ్ళో సగం మంది తెలుగోళ్ళే" అంది అవ్వ, కొంచెం రోషంగా. అంతే, ఇద్దరికీ మాటలు కలిశాయి. అవ్వ "సందకాడ" అంటే ఆమెకు తెలిసింది. అవ్వ మాటకు ముందొకటి వెనకొకటి "రొంబ" అంటే మాత్రం ఆమె నవ్వింది. కోడళ్ళ సంగతి, మోకాళ్ళ సంగతి, రాగిముద్ద సంగతి అన్నీ అయ్యాయి. రెండున్నర గంటలు. లేచేటప్పుడు అవ్వ ఒక మాట అంది: "ఇట్ల ఊరికే కూచొని ఎన్నాళ్ళాయనో."

ఆ మాట నాతోపాటు రైలెక్కి కోవిల్‌పట్టికి వచ్చేసింది.

ఇప్పుడు మన ఆదివారాల సంగతి చూద్దాం. మనం ఇంటి నుంచి బయటికి పోము అని నేను అనడం లేదు. పోతాము. విరుదునగర్ వాళ్ళు మారియమ్మ గుడికి, పంగుణి పొంగలికి పోతారు. సాత్తూరు వైపు వాళ్ళు ఇరుక్కన్‌గుడికి పోతారు. మా కోవిల్‌పట్టిలో కదిరేశన్ కొండ ఎక్కుతాము, కళుగుమలై పోతాము. పండగకు బట్టలు తీయడానికి మదురై పోతాము. పెళ్ళికి పోతాము, చావుకు పోతాము, ఆస్పత్రికి పోతాము. గమనించారా? ప్రతి ప్రయాణానికీ ఒక సాకుంది. దేవుడు ఒక సాకు, బట్టలు ఒక సాకు, మోకాలి నొప్పి ఒక సాకు. మా అవ్వ లాల్‌బాగ్ చూసింది కూడా మోకాళ్ళ పుణ్యమే.

అదే మా తమ్ముడిని చూడండి. సాయంత్రం ఆరుకు చొక్కా తొడుక్కొని "అమ్మా, వస్తా" అంటాడు. ఎక్కడికి అని ఎవరూ అడగరు. అడిగినా "ఊరికే" అంటాడు, ఆ జవాబు చెల్లుతుంది. వాళ్ళకు టీకొట్టు బెంచీ ఉంది, కల్వర్టు గోడ ఉంది, క్రికెట్టు ఆడే మైదానం ఉంది, బస్ స్టాండు ఉంది. నేను అదే కల్వర్టు గోడ మీద పది నిమిషాలు కూర్చుంటే, పదకొండో నిమిషానికి మా ఇంటికి కబురు చేరుతుంది. "ఊరికే" అన్న మాట తమ్ముడి నోట్లో జవాబు, నా నోట్లో నేరం.

ఇది నా ఒక్కదాని గోల కాదు. ముంబయి మహానగరంలో కూడా ఇంతేనట. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే అనే ముగ్గురు కలిసి, ఆ నగరంలో ఆడవాళ్ళు బయట ఎలా తిరుగుతారో పరిశీలించి 2011లో 'వై లాయిటర్?' అని ఒక పుస్తకం రాశారు. ఆడమనిషి బయట కనిపిస్తే ఏదో పని మీద ఉన్నట్టు కనిపించాలి, చేతిలో సంచో, చెవి దగ్గర ఫోనో, చంకలో బిడ్డో ఉండాలి. పని లేకుండా తిరగడం కూడా ఆడవాళ్ళ హక్కే అని వాళ్ళ వాదన. మహానగరం ఆడవాళ్ళ గతే అట్లా ఉంటే, మన లాంటి చిన్న ఊళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

మన ఊళ్ళలో పార్కులే లేవా అంటే, ఉన్నాయి. కానీ ఎట్లా ఉన్నాయి? ఒక పార్కుకు ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తప్ప గేటుకు తాళం. ఇంకొక దాంట్లో చెట్టుకంటే టైల్సు ఎక్కువ. ఎండాకాలం నాలుగింటికి కూడా బెంచీ మీద కూర్చోలేము, దోసె పెనం మాదిరి కాలుతుంది. ఇంకొక దాంట్లో పిల్లల ఉయ్యాల ఉంది, దాని గొలుసు లేదు. ఎక్కడా ఆడవాళ్ళకు బాత్‌రూము లేదు. రెండు గంటలు తీరిగ్గా కూర్చోమని పిలిచేవాళ్ళు బాత్‌రూము గురించి ఆలోచించరా? మా అవ్వ లాల్‌బాగ్‌లో రెండున్నర గంటలు కూర్చోగలిగిందంటే అక్కడ అది ఉంది కాబట్టే.

ఇక లెక్కకు వద్దాం. లెక్క చెప్పకపోతే మనవి ఎప్పుడూ ఏడుపు మాటలుగానే వినిపిస్తాయి.

కేంద్ర ప్రభుత్వం పట్టణాల ప్రణాళికకు మార్గదర్శకాలు (2014) విడుదల చేసింది. ఊళ్ళో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలని వాటిలో ఉంది. పార్కులు, ఆట మైదానాలు అన్నీ కలిపి. 2011 జనాభా లెక్కల ప్రకారం కోవిల్‌పట్టిలో సుమారు 95 వేల మంది, విరుదునగర్‌లో సుమారు 72 వేల మంది ఉన్నారు. తక్కువలో తక్కువ, మనిషికి పది మీటర్లే వేసుకుందాం. కోవిల్‌పట్టికి తొమ్మిదిన్నర లక్షల చదరపు మీటర్లు. ఒక ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. భాగించి చూశాను. నమ్మకం కలగక, మ్యాథ్స్ చదివే స్నేహితురాలితో మళ్ళీ చేయించాను. 235 ఎకరాలు వచ్చింది. విరుదునగర్‌కు 178 ఎకరాలు.

లాల్‌బాగ్ ఎంతన్నాను? 240 ఎకరాలు.

అంటే మా ఊరికి కాగితం మీద దాదాపు ఒక లాల్‌బాగ్ రావాలి. ఒక్కచోటే రానక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా వీధివీధికీ వచ్చినా సరే. అది కూడా 2011 జనాభాకు. అప్పటి నుంచి ఊరు ఎంత పెరిగిందో బైపాసు పక్కన చూస్తూనే ఉన్నాము. అందుకే బాకీ అంటున్నాను. ఎవరినీ దానం అడగడం లేదు.

ఆ జాగా ఎక్కడుంది అంటారేమో. కొంత మన కళ్ళ ముందే ఉంది. తమిళనాడు భవన నిర్మాణ నియమాలు (2019) ఏం చెప్తున్నాయంటే, 10,000 చదరపు మీటర్లు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు, దాటిన జాగాలో లేఅవుట్ వేస్తే రోడ్లు పోగా మిగిలిన దాంట్లో పదో వంతు అందరి వాడకానికి ఖాళీగా వదిలి, దాన్ని స్థానిక సంస్థకు రాసివ్వాలి. రోజూ రైల్లో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వస్తూ కిటికీలోంచి చూస్తాను. నల్లరేగడి చేలల్లో రంగు రాళ్ళు పాతి, కమాను కట్టి, ఫలానా నగర్ అని బోర్డు పెట్టిన లేఅవుట్లు ఎన్నో. మా అత్త వాళ్ళు అలాంటి ఒక నగర్‌లోనే ఇల్లు కట్టుకున్నారు. ప్లాన్ కాగితంలో పార్కు అని ఆకుపచ్చ రంగు వేసిన చోట ఇప్పుడు ఉన్నది సీమ తుమ్మ పొద, విరిగిన సిమెంటు గొట్టం, రెండు మేకలు. మేకల మీద నాకు కోపం లేదు. అవైనా వాడుకుంటున్నాయి.

ఇంత చెప్పినా అడ్డుమాటలు వస్తాయని తెలుసు. మా ఇంట్లోనే వచ్చాయి.

మా నాన్న అన్నాడు: "తాగడానికి నీళ్ళు లేని కరువు సీమలో పార్కుకు నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తావు?" మంచి ప్రశ్నే. మనకు వారానికోసారి వచ్చే నీళ్ళు బిందెల్లో పట్టుకునే అలవాటుంది కదా. కానీ పార్కు అంటే పచ్చిక, గులాబీలు, నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ అనుకుంటేనే ఈ చిక్కు. మనకు గడ్డి అక్కర్లేదు, నీడ కావాలి. వేప, చింత, కానుగ, గంగరావి, మర్రి ఈ నేలలో బతకడం తెలిసిన చెట్లు. రెండు మూడు ఏళ్ళు నీళ్ళు పోసి, మేకల నుంచి కాపాడితే తర్వాత వాటి బతుకు అవే చూసుకుంటాయి. ఐప్పసి, కార్తిక నెలల వాన పడేటప్పుడు నాటితే ఇంకా మేలు. కళుగుమలై బండ కింద వేపచెట్ల నీడకు ఎవరు బిందెలతో నీళ్ళు పోశారు?

మా పెద్దనాన్న అన్నాడు: "ఉద్యోగాలు లేక పిల్లలు బెంగుళూరుకు, తిరుప్పూరుకు పోతుంటే, ఇప్పుడు పార్కు ఒక్కటే తక్కువా?" నేను చెప్పేదేమంటే, పార్కు కావాల్సింది పనిలేని వాళ్ళకు కాదు. వారంలో ఆరు రోజులు పని చేసేవాళ్ళకు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో రోజంతా కూర్చొని, వంగి, పుల్లలు సర్దే అక్కలకు ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఆదివారం ఎట్లా గడుస్తుందో మనకు తెలుసు. బట్టలు ఉతకడం, పిండి రుబ్బడం, రేషను తేవడం, తలస్నానం, మళ్ళీ వంట. సెలవు ఫ్యాక్టరీకే కానీ ఆమెకు కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ ఇల్లు ఆమెను పిలుస్తూనే ఉంటుంది. అందుకే ఇంటి బయట, నడిచి పోయేంత దూరంలో, డబ్బు ఖర్చు లేని ఒక చోటు కావాలి.

మా అమ్మ మెల్లిగా అంది: "ఆడపిల్లలు పోయి కూర్చుంటే ఊరికే ఉంటారా మగవాళ్ళు?" ఇది కొట్టిపారేసే మాట కాదు. మనలో ఎవరికి అనుభవం లేదు? కానీ లాల్‌బాగ్‌లో నేను చూసింది ఏమంటే, ఒంటరిగా నడుస్తున్న అమ్మాయిల పక్కనే ముసలమ్మలు, పిల్లల తల్లులు, యోగా చేసే గుంపులు, చిత్రాలు గీసే విద్యార్థులు ఉన్నారు. చోటు నిండుగా ఉంది కాబట్టి భయం తక్కువ. మనం రాకుండా ఉంటే చోటు మరింత ఖాళీ అవుతుంది, ఖాళీ అయిన కొద్దీ మనం మరింత రాలేము. ఈ ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి. దీపం, కాపలా మనిషి, తెరిచిన గేటు ఇవి పురపాలక సంఘం పని. నలుగురం కలిసి పోవడం మన పని.

ఇక్కడికి వ్యాసం అయిపోయిందనుకొని, మొదటి ప్రతి మన క్లాసులో ఒక స్నేహితురాలికి చదివి వినిపించాను. ఆ ప్రతిలో ఇంకో పేరా ఉండింది. పూర్వం మన పల్లెల్లో పార్కు అనే మాటే అక్కర్లేదు, చెరువు గట్టున మర్రిచెట్టు కిందే ఊరంతా తీరిగ్గా కూర్చునేది, బావి దగ్గర ఆడవాళ్ళు కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు, ఆ రోజులు పోయాయి అని రాశాను. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో అంత గొప్పగా రాశారంటే, మన కరిసల్ నేలలో జనం తీరిగ్గా చెప్పుకున్న కథలన్నీ చెవినపెట్టి సేకరించారు కాబట్టే అని కూడా రాసి గొప్పపడ్డాను.

ఆమె అంతా విని, "బాగుంది, ఆ మర్రిచెట్టు పేరా తప్ప" అంది. ఎందుకని అడిగాను.

"మీ అవ్వ కూర్చున్న మర్రిచెట్టు కింద మా అవ్వను కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. ఆ బావిలో మా అవ్వ బిందె ముంచింది లేదు. మా అవ్వ మాట్లాడేది కూడా తెలుగే" అంది.

చాలాసేపు నాకు మాట రాలేదు. మన సీమలో తెలుగు కమ్మవారిది, రెడ్లది, రాజకంబళ నాయకులది మాత్రమే కాదు. అరుందతీయుల ఇళ్ళలోనూ తరతరాలుగా తెలుగు ఉంది. అదే భాష, అదే ఊరు, కానీ నీడ మాత్రం ఒకటి కాదు. ఊరంతా అని నేను రాసినప్పుడు నా లెక్కలో ఎవరు లేరో నాకు తెలియనే లేదు. అందుకే ఆ పేరా కొట్టేసి, ఆమె మాట ఆమె అనుమతితో ఇక్కడ రాశాను. కి.రా. గారి మీద గౌరవం నాకు అట్లాగే ఉంది, మర్రిచెట్టు మీదే కాస్త తగ్గింది.

నిజం చెప్పాలంటే, ఆమె చెప్పాకే నా వాదనలో బలం వచ్చింది. పార్కు కావాలంటే పాత రోజులు తిరిగి రావాలని కాదు. పాత రోజుల్లో లేనిది రావాలని. మర్రిచెట్టు ఒక ఊరిది, ఆ ఊళ్ళోనూ కొందరిది. పార్కు సర్కారు జాగా, దాని గేటు దగ్గర ఎవరి పిల్లవు, ఏ వీధి అని అడగడానికి ఎవరికీ హక్కు లేదు. లాల్‌బాగ్‌లో హిందూపురం పెద్దామె మా అవ్వను ఏ ఊరని అడిగిందే కానీ అంతకంటే లోతుకు పోలేదు. రెండున్నర గంటల మాటల్లో ఆ అవసరమే రాలేదు. మన ఊళ్ళో ఇద్దరు అవ్వలు, మాది ఒకరు, నా స్నేహితురాలిది ఒకరు, ఒకే బెంచీ మీద కూర్చొని ఒకే తెలుగులో మోకాళ్ళ నొప్పి గురించి చెప్పుకోవాలంటే, ఏ వీధికీ చెందని ఒక బెంచీ కావాలి.

ఏం చెయ్యగలం అని అడుగుతారు కాబట్టి, నాకు తోచినవి మూడు చెప్తాను.

ఒకటి. మీరుండే నగర్‌లో, వీధిలో పార్కుకు వదిలిన జాగా ఎక్కడుందో కనుక్కోండి. ఇల్లు కొన్న వాళ్ళ దగ్గర లేఅవుట్ ప్లాన్ నకలు ఉంటుంది. దాంట్లో చూస్తే తెలుస్తుంది. కనుక్కొని ఊరుకోకండి, రాసిపెట్టండి. పురపాలక వార్డుల్లో ఇప్పుడు ఏరియా సభలు జరుగుతున్నాయి. రోడ్డు గురించి, మురుగు కాలవ గురించి అడిగినట్టే దీన్ని గురించీ అడగవచ్చు. తోటను కాపాడేది చట్టమే కాదు, అడిగే మనుషులు కూడా. లాల్‌బాగ్‌కూ కబ్బన్ పార్కుకూ కర్ణాటక 1975లో ప్రత్యేకంగా చట్టం చేసింది. అయినా వాటి జోలికి ఎవరైనా వస్తే రోజూ నడిచే జనమే ముందుగా అరుస్తారు.

రెండు. అడిగేటప్పుడు వివరంగా అడుగుదాం. పార్కు కావాలి అంటే టైల్సు పరిచి, ఒక బొమ్మ నిలిపి, పేరు చెక్కిన పలకకు గుడ్డ కప్పి పెడతారు. నీడ చెట్లు, ఆనుకొని కూర్చునే బెంచీలు, ఆడవాళ్ళకు శుభ్రమైన బాత్‌రూము, తాగే నీళ్ళు, దీపం, పగలంతా తెరిచిన గేటు. ఈ ఆరూ అడుగుదాం. ఫౌంటెన్ తర్వాత చూసుకోవచ్చు.

మూడు. అంతవరకూ కాచుకొని కూర్చోకుండా మనతో మొదలుపెడదాం. బెంగుళూరు కబ్బన్ పార్కులో కొవిడ్ తర్వాత ఒక అలవాటు మొదలైంది. శనివారం ఉదయం ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్ళు తెచ్చుకొని, చాప పరుచుకొని, చెట్ల కింద మౌనంగా చదువుకొని పోతారు. ఉపన్యాసం లేదు, చందా లేదు, అధ్యక్షులు లేరు. 'కబ్బన్ రీడ్స్' అని పేరు. దాన్ని చూసి ఇప్పుడు ఎన్నో ఊళ్ళలో అలాగే చేస్తున్నారు. మన కాలేజీ ఆవరణలో వేపచెట్లున్నాయి. శనివారం క్లాసులయ్యాక ఒక గంట మన డిపార్ట్‌మెంటు ఆ నీడలో కూర్చోవచ్చు కదా? తెలుగు పుస్తకం తెచ్చుకున్నా సరే, తమిళ పుస్తకం తెచ్చుకున్నా సరే, ఏమీ తెచ్చుకోకపోయినా సరే. మేడమ్ గారికి ఒకే విన్నపం: హాజరు తీసుకోకండి. తీసుకుంటే అది మళ్ళీ ఒక పని అయిపోతుంది.

చివరగా మా అవ్వ సంగతి. బెంగుళూరు నుంచి వచ్చిన రెండో ఆదివారం సాయంత్రం, పని అంతా అయ్యాక, ఆమె కొత్త చీర కట్టుకొని నా దగ్గరికి వచ్చింది. "యాడికన్నా ఊరికే పోదామామ్మే?" అంది. నాకు సంతోషం, వెంటనే దిగులు. ఎక్కడికని తీసుకుపోను? ఆలోచించి ఆలోచించి రైలు స్టేషనుకు తీసుకుపోయాను. ప్లాట్‌ఫారం టికెట్లు రెండు కొని, చివర చెట్టు పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూర్చున్నాము. ఎవరూ ఏమీ అడగలేదు. రైలు కోసం కూర్చున్నారనుకున్నారు. రెండు రైళ్ళు వచ్చాయి, పోయాయి. మేము ఎక్కలేదు. కడలై మిఠాయి కొనుక్కొని తింటూ ఏడు గంటలదాకా మాట్లాడుకున్నాము.

మా ఊళ్ళో మేమిద్దరం ఊరికే కూర్చోగలిగిన చోటు అదొక్కటే, అది కూడా ఎక్కని రైలును సాకుగా పెట్టుకొని.

ఈ కాగితం కింద సగం ఖాళీగా వదిలాను. దారానికి ఒక పెన్ను కట్టి ఉంచాను. మీ వీధిలో, మీ నగర్‌లో పార్కుకని వదిలిన జాగా ఏదైనా ఉంటే దాని గుర్తులూ, ఇప్పుడు అక్కడ ఏముందో కూడా రాయండి. సీమ తుమ్మ అయినా సరే, మేకలైనా సరే. నెలాఖరుకు అన్నీ కలిపి కూడుదాం. 235 ఎకరాల్లో ఎంత తేలుతుందో చూద్దాం.